ఫ్యాక్టరీ మురుగు: దేనికి వెల కట్టాలి, దేన్ని గేటు దగ్గరే ఆపాలి?

నగరపు భూగర్భ డ్రైనేజీలోకి ఒక పరిశ్రమ తన వ్యర్థజలాలను వదలాలనుకుంటే తేల్చవలసిన ప్రశ్నలు రెండు. ఆ నీటిని అసలు రానివ్వవచ్చా అన్నది మొదటిది. రానిస్తే ఎంత వసూలు చేయాలన్నది రెండోది. మన దగ్గర ఈ రెండు ప్రశ్నలను రెండు వేర్వేరు సంస్థలు, ఒకరి లెక్క ఒకరు చూసుకోకుండా, తేలుస్తున్నాయి. పైగా ఎక్కడైనా వివాదం తలెత్తినప్పుడు ఒక ప్రశ్నకు చెప్పవలసిన జవాబును రెండోదానికి చెప్పేయడం పరిపాటి అయింది. రుసుము కడుతున్నాం కనుక వదిలే హక్కు ఉందని పరిశ్రమలు అంటాయి. ఎంత కట్టినా చుక్క కూడా కలవనివ్వరాదని నివాసులు అంటారు. శుద్ధి కేంద్రం నిజంగా తొలగించగల మాలిన్యం విషయంలో నివాసుల వాదన నిలవదు, తొలగించలేని మాలిన్యం విషయంలో పరిశ్రమల వాదన నిలవదు. మొదటి రకానికి వెల కట్టవచ్చు, కట్టి తీరాలి. రెండో రకానికి ఏ వెలా చాలదు. దాన్ని ఫ్యాక్టరీ ప్రహరీ దాటనివ్వకూడదు. ఈ గీత ఎక్కడ గీయాలో తెలియాలంటే ముందు శుద్ధి కేంద్రం ఏం చేయగలదో చూడాలి.

మన నగరాల్లోని మురుగు శుద్ధి కేంద్రాలు (ఎస్‌టీపీలు) ఇళ్ల మురుగును దృష్టిలో పెట్టుకుని కట్టినవి. కేంద్ర ప్రభుత్వపు ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 2013లో వెలువరించిన మురుగునీటి మాన్యువల్ ప్రకారం ఒక మనిషి నుంచి రోజుకు సగటున 27 గ్రాముల బీఓడీ, 45.9 గ్రాముల సీఓడీ, 40.5 గ్రాముల తేలియాడే ఘనపదార్థాలు కాలువలోకి చేరతాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు సరఫరా చేసి, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందనుకుంటే, లీటరుకు బీఓడీ 250, సీఓడీ 425, ఘనపదార్థాలు 375 మిల్లీగ్రాములు ఉంటాయి. బీఓడీ అంటే సూక్ష్మజీవులు ఆ మాలిన్యాన్ని తినడానికి కావలసిన ప్రాణవాయువు. సీఓడీ అంటే ఆ మాలిన్యాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి కావలసిన ప్రాణవాయువు. ఎస్‌టీపీలో అసలు పని చేసేది ఈ సూక్ష్మజీవులే. పంపులూ బ్లోయర్లూ వాటికి సేవ చేసే యంత్రాలు. పాలు, పిండి, చక్కెర, సబ్బు, మలం వంటివి వాటికి ఆహారం. ఉప్పు ఆహారం కాదు, లోపలికి ఎంత వస్తే బయటికి దాదాపు అంతే పోతుంది. సీసం, క్రోమియం వంటి లోహాలు ఆహారం కాకపోగా విషం. అవి నాశనం కావు, నీటిని వదిలి శుద్ధిలో మిగిలే బురదలోకి (స్లడ్జ్‌లోకి) చేరతాయి, ఆ స్లడ్జ్‌ను ఎరువుగా వేస్తే పొలంలోకి వస్తాయి. యాంటీబయాటిక్‌ల సంగతి ఇంకా విచిత్రం: సూక్ష్మజీవులను చంపడానికే తయారైన పదార్థాన్ని సూక్ష్మజీవుల మీద ఆధారపడిన కేంద్రానికి పంపుతున్నామన్నమాట.

ఎస్‌టీపీకి చేరకముందే గొట్టంలో జరిగే ప్రమాదాలూ ఉన్నాయి. ఆమ్లాలు కాంక్రీటును తింటాయి, సల్ఫేటు బ్యాక్టీరియా చర్యతో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుగా మారి మ్యాన్‌హోల్‌లో దిగిన కార్మికుణ్ని క్షణాల్లో కూలుస్తుంది. అమెరికాలోని లూయీవిల్ నగరంలో 1981 ఫిబ్రవరి 13న ఒక సోయా నూనె కర్మాగారం నుంచి హెక్సేన్ ద్రావకం డ్రైనేజీలోకి పోయింది. ఆ ఆవిరికి వీధిలో వెళ్తున్న ఒక కారు నుంచి నిప్పురవ్వ తగిలి రెండు మైళ్లకు పైగా వీధులు పేలిపోయాయి. ఇలాంటి పదార్థాలకు రేటు నిర్ణయించాలని ఎవరూ అనరు. అమెరికా నిబంధనలు వీటిని నేరుగా నిషేధించాయి.

ఇక వెల సంగతి. హైదరాబాద్ జలమండలి నీటి ఛార్జీపై 35 శాతం మురుగు సెస్ వసూలు చేస్తుంది. ఇళ్లకు ఇది సబబైన పద్ధతే, ఎందుకంటే ఒక ఇంటి మురుగుకూ పక్కింటి మురుగుకూ పెద్ద తేడా ఉండదు, ఎంత నీరు వాడితే అంత మురుగు. ఫ్యాక్టరీల విషయంలో ఈ లెక్క రెండు చోట్ల తప్పుతుంది. మొదటిది, బోరు నీరూ ప్రైవేటు ట్యాంకరు నీరూ జలమండలి మీటరు గుండా రావు, కానీ వాడిన తరువాత అదే కాలువలోకి పోతాయి. రెండోది, మీటరుకు నీటి పరిమాణం తెలుసు గానీ గాఢత తెలియదు. పరిశ్రమలకు నీటి రేటే ఎక్కువ కనుక సెస్సూ ఎక్కువే కదా అని సమాధానం చెప్పవచ్చు. అయితే ఆ ఎక్కువ మొత్తం స్వచ్ఛమైన కూలింగ్ నీరు వదిలేవారికీ చిక్కటి మురుగు వదిలేవారికీ ఒకేలా పడుతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక పాల డెయిరీ రోజుకు 100 కిలోలీటర్ల మురుగు వదులుతుంది, అందులో సీఓడీ లీటరుకు 2,125 మిల్లీగ్రాములు, అంటే ఇంటి మురుగుకు సరిగ్గా ఐదు రెట్లు. పరిమాణం ప్రకారం చూస్తే అది 926 మంది వదిలే మురుగుతో సమానం. సీఓడీ భారం ప్రకారం చూస్తే దాదాపు 4,630 మందితో సమానం. ఎస్‌టీపీలో గాలి ఊదే బ్లోయర్ల కరెంటు ఖర్చు రెండో అంకెను బట్టి పెరుగుతుంది, బిల్లు మాత్రం మొదటి అంకెను బట్టి వస్తుంది. మిగతా భారాన్ని కాలనీల్లోని వినియోగదారులు తమకు తెలియకుండానే మోస్తారు.

ఈ చిక్కుకు బ్రిటన్ కనుగొన్న పరిష్కారం పేరు మాగ్డెన్ సూత్రం. పశ్చిమ లండన్‌లో మాగ్డెన్ అనే చోట ఉన్న శుద్ధి కేంద్రం పేరే దానికి వచ్చింది. అక్కడ 1937 నాటి చట్టం పరిశ్రమలకు డ్రైనేజీ వాడుకునే హక్కునూ, దానితో పాటు ముందుగా అనుమతి తీసుకోవలసిన బాధ్యతనూ కల్పించింది. ఇప్పుడు 1991 నాటి నీటి పరిశ్రమ చట్టం అమల్లో ఉంది. సూత్రంలో నాలుగు భాగాలుంటాయి: మురుగును స్వీకరించి గొట్టాల్లో తీసుకెళ్లే ఖర్చు, పరిమాణాన్ని బట్టి అయ్యే ప్రాథమిక శుద్ధి ఖర్చు, జీవరసాయన శుద్ధి ఖర్చు, స్లడ్జ్ వదిలించుకునే ఖర్చు. మొదటి రెండూ కిలోలీటరుకు అందరికీ ఒకటే. మూడోదాన్ని ఫ్యాక్టరీ మురుగులోని సీఓడీ ఆ ప్రాంతపు సగటు మురుగులోని సీఓడీకి ఎన్ని రెట్లుందో దానితో గుణిస్తారు. నాలుగోదాన్ని ఘనపదార్థాల నిష్పత్తితో గుణిస్తారు.

మన డెయిరీకి దీన్ని వర్తింపజేసి చూద్దాం. లెక్క కోసం మొదటి రెండు భాగాలు కలిపి కిలోలీటరుకు 10 రూపాయలు, జీవరసాయన శుద్ధికి 8, స్లడ్జ్‌కు 4 రూపాయలు అనుకుందాం. ఇంటి మురుగు లాంటి మురుగు వదిలేవారికి కిలోలీటరుకు 22 రూపాయలు పడుతుంది. డెయిరీ సీఓడీ ఐదు రెట్లు, ఘనపదార్థాలు రెండు రెట్లు ఉన్నాయనుకుంటే 10కి 40, 8 కలిపి 58 రూపాయలు, రోజుకు 5,800. ఇప్పుడు డెయిరీ యజమాని తెలివిగా అంతే పరిమాణంలో బోరు నీరు కలిపి గాఢతను సగం చేశాడనుకుందాం. కిలోలీటరు రేటు 34కు తగ్గుతుంది, కానీ పరిమాణం 200 కిలోలీటర్లవుతుంది కనుక బిల్లు 6,800కు పెరుగుతుంది. నీళ్లు కలిపితే నష్టమే తప్ప లాభం లేదు. అదే యజమాని ఒక చిన్న శుద్ధి ట్యాంకు కట్టుకుని సీఓడీని సగానికి దించితే కిలోలీటరుకు 20 రూపాయలు మిగులుతాయి. ఆ ట్యాంకు నిర్వహణకు అంతకంటే తక్కువైతే కట్టుకుంటాడు, ఎక్కువైతే నగరానికే డబ్బు కట్టి పంపిస్తాడు. ఏది చేసినా నగరానికి అన్యాయం జరగదు.

మన పద్ధతిలో వెల లేదు, హద్దు ఉంది

భారతదేశంలో 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం నదిలోకే కాదు, డ్రైనేజీలోకి వదలాలన్నా కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కావాలి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల ఆరో షెడ్యూలు హద్దులు నిర్దేశించింది. నది, చెరువుల్లోకి వదిలే నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు, డ్రైనేజీలోకి అయితే 350 దాకా ఉండవచ్చు. తేలియాడే ఘనపదార్థాలు నదిలోకి 100, డ్రైనేజీలోకి 600. ఈ సడలింపు వెనుక ఉన్న తర్కం స్పష్టమే: గొట్టం చివర ఒక ఎస్‌టీపీ ఉంటుంది, మిగతా పని అది చూసుకుంటుంది. గొట్టం చివర ఎస్‌టీపీ లేని పట్టణాల్లో ఆ తర్కమే కూలిపోతుంది, 350 నేరుగా వాగులోకి పోతుంది.

బీఓడీకి సడలింపు ఇవ్వడం అర్థమవుతుంది. ఆ పట్టికలో సీసం చూడండి: నదిలోకి 0.1 మిల్లీగ్రాములు, డ్రైనేజీలోకి 1.0. ఆరు వేలెన్సీల క్రోమియం నదిలోకి 0.1, డ్రైనేజీలోకి 2.0. ఎస్‌టీపీ సీసాన్ని తినదు కదా, మరి ఈ పది రెట్ల వెసులుబాటు దేనికి? ఇళ్ల మురుగులో పలచనవుతుందన్నది తప్ప వేరే సమర్థన కనిపించదు. పలచనైన లోహం స్లడ్జ్‌లో మళ్లీ చిక్కనవుతుంది. కాన్పూర్ జాజ్‌మవులో తోళ్ల పరిశ్రమల మురుగు ఒక వంతు, ఇళ్ల మురుగు మూడు వంతులు కలిపి శుద్ధి చేసేలా 36 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు) కేంద్రం కట్టారు. అక్కడి నుంచి సాగునీటిగా పొలాలకు పోయిన నీటితో పాటు క్రోమియం సమస్య కూడా పొలాలకు చేరింది.

హద్దు ఒక్కటే ఉండి వెల లేకపోవడంలో మరో చిక్కు ఉంది. హద్దును లీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పారు గనుక నీళ్లు కలిపితే నియమం పాటించినట్టే లెక్క. మాగ్డెన్ పద్ధతిలో శిక్ష పడే పని ఇక్కడ బహుమతి పొందుతుంది. శుద్ధికి బదులు నీళ్లు కలపడాన్ని అమెరికా నిబంధనలు పేరు పెట్టి నిషేధించింది ఇందుకే. ఇక మన డెయిరీ సీఓడీకి తగ్గట్టు బీఓడీ కూడా 350 దాటుతుంది కనుక, డబ్బు కట్టి నగరపు ఎస్‌టీపీని వాడుకునే దారి దానికి చట్టప్రకారం మూసుకుపోయింది. సూక్ష్మజీవులు ఇష్టంగా తినే మురుగుకు తలుపు మూసి, వాటికి గిట్టని సీసానికి సందు తెరిచిన పట్టిక ఇది.

పటాన్‌చెరు నుంచి అంబర్‌పేట దాకా

సొంతంగా శుద్ధి చేసుకోలేని చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. జీడిమెట్లలో జేఈటీఎల్, పటాన్‌చెరులో పీఈటీఎల్ అలా పుట్టినవే. మందుల ఫ్యాక్టరీలు తమ వ్యర్థాలను ట్యాంకర్లలో అక్కడికి పంపుతాయి. సీఓడీని, లవణాలను బట్టి రుసుము ఉంటుంది. అంటే నగర పాలనలో లేని గాఢతను బట్టి వెల కట్టే పద్ధతి, పరిశ్రమలు తమలో తాము పెట్టుకున్న కేంద్రాల్లో ఉంది. ఒక రకంగా ఇది మాగ్డెన్‌కు దగ్గరి బంధువే.

అయితే ఇక్కడే మొదట చెప్పిన గీత గుర్తుంచుకోవాలి. సీఓడీకి రేటు పెట్టారు, సీఓడీ దిగింది. రేటు పట్టికలో లేనిది దిగలేదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు స్వీకరించే పటాన్‌చెరు కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదు కంటే అది ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోయిన మందు 45 కిలోలని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం ఐదు రోజుల్లో వాడే మొత్తానికి అది సమానమని వారు లెక్కగట్టారు. అప్పట్లో ఆ నీరు నక్కవాగు మీదుగా మంజీరకు చేరేది. నక్కవాగు రైతుల గోడు అంతకు చాలా ముందే, 1990లో, సుప్రీంకోర్టుకు వ్యాజ్యంగా చేరింది. ఆ తరువాత హైకోర్టుకు, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది.

వాగును కాపాడటానికి తీసుకున్న చర్యే మన అంశానికి కేంద్రం. పటాన్‌చెరు నుంచి 18 కిలోమీటర్ల పైపులైను వేసి, ఉమ్మడి కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని నగరపు ప్రధాన డ్రైనేజీలో కలిపి మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట ఎస్‌టీపీకి పంపడం మొదలుపెట్టారు. అంబర్‌పేట సామర్థ్యం 339 ఎంఎల్‌డీ. అంత పెద్ద ప్రవాహంలో ఫ్యాక్టరీ నీరు ఏపాటి అన్నది సమర్థించినవారి వాదన. దాన్ని అంకెల్లో పరీక్షించవచ్చు. లార్సన్ బృందం నమూనాలు తీసిన కాలంలో పటాన్‌చెరు కేంద్రం నుంచి రోజుకు సుమారు 1,500 కిలోలీటర్లు బయటికి వచ్చేవి. 339 ఎంఎల్‌డీలో అది ఇంచుమించు 226వ వంతు. అప్పటి 31 మిల్లీగ్రాములను 226తో భాగిస్తే లీటరుకు దాదాపు 137 మైక్రోగ్రాములు మిగులుతాయి. నీటిలో మందుకు లొంగని నిరోధక బ్యాక్టీరియా పెరగకుండా ఉండాలంటే సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటరాదని బెంట్సన్ పాల్మె, లార్సన్ 2016లో అంచనా వేశారు. మన మిగులు దానికి 2,000 రెట్లకు పైనే. ఇది కాగితం మీద లెక్క మాత్రమే. ఈ మందు చాలావరకు స్లడ్జ్‌కు అంటుకుంటుంది, ఫ్యాక్టరీల పద్ధతులూ తరువాత మారాయి. అయినా పలచన చేయడం ఇలాంటి పదార్థాలకు వైద్యం కాదని చెప్పడానికి ఇది చాలు. పైగా ఇళ్ల మురుగులో ఎలాగూ ఉండే పేగు బ్యాక్టీరియా, ఈ మందు రెండూ ఒకే తొట్టిలో కలుస్తున్నాయి.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల పరిశ్రమ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు ప్రతిపాదిస్తూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు.

కొలిచేది ఒకరు, వసూలు చేసేది ఒకరు

ట్యాంకరు వ్యవస్థలో అందరికీ తెలిసిన లొసుగు ఒకటుంది. ఉమ్మడి కేంద్రంలో రుసుము పెరిగే కొద్దీ రాత్రిపూట ఏదో ఒక మ్యాన్‌హోల్ మూత తీసి ట్యాంకరు ఖాళీ చేయడంలో లాభం పెరుగుతుంది. కూకట్‌పల్లి ఆల్విన్ కాలనీ పక్కన ధరణీనగర్‌లో పెద్ద వాన పడితే పరికి చెరువు నాలా నుంచి తెల్లటి నురగ ఇళ్ల ముందుకు పొంగి రావడం నగరవాసులకు కొత్త కాదు. ఆ నురగ ఎవరిదో తేల్చడం కష్టం. సమ్మతి ఇచ్చేది కాలుష్య నియంత్రణ మండలి, గొట్టాలు జలమండలివి, నాలాలు నగరపాలక సంస్థవి. బ్రిటన్‌లో అనుమతి ఇచ్చేదీ నమూనా తీసేదీ బిల్లు వేసేదీ ఒకే మురుగునీటి సంస్థ. చెడ్డ నీరు వస్తే తన ఎస్‌టీపీయే పాడవుతుంది గనుక ఎవరూ చెప్పకుండానే అది నిఘా పెడుతుంది. మన జలమండలికి నష్టం ఉంది, అధికారం లేదు. కాలుష్య నియంత్రణ మండలికి అధికారం ఉంది, నష్టం లేదు.

దొరికిన తరువాత పడే జరిమానాలోనూ ఇదే లోపం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో తెచ్చిన పర్యావరణ పరిహారం సూత్రంలో కాలుష్య సూచీ, ఉల్లంఘన సాగిన రోజులు, రూపాయల్లో ఒక గుణకం, పరిశ్రమ పరిమాణం, ఊరి జనాభా ఉంటాయి. ఎక్కువ కాలుష్యం కలిగించే ఎరుపు వర్గానికి చెందిన ఒక చిన్న పరిశ్రమ పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో ఉంటే, గుణకం 250 అనుకుని, రోజుకు 10,000 రూపాయలు అవుతుంది. ఎన్ని కిలోల మాలిన్యం వదిలిందన్న అంశం ఆ గుణకారంలో ఎక్కడా లేదు. ఒక డ్రమ్ము పారబోసినా ట్యాంకరు పారబోసినా రోజుకు అదే. జర్మనీలో 1976 నాటి మురుగునీటి సుంకం చట్టం దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. నదిలోకి నీరు వదిలే ప్రతివారూ, నగరపాలక సంస్థలతో సహా, హాని యూనిట్ల లెక్కన కట్టాలి. 50 కిలోల సీఓడీ ఒక యూనిట్, 500 గ్రాముల సీసం ఒక యూనిట్, 20 గ్రాముల పాదరసం ఒక యూనిట్, యూనిట్‌కు 35.79 యూరోలు. తన ఎస్‌టీపీ నుంచి పాదరసం బయటికి పోతే నగరమే కట్టాలి గనుక, ఆ పాదరసం ఏ ఫ్యాక్టరీ నుంచి వస్తోందో వెతికే పని నగరానికి ఎవరూ నేర్పనక్కరలేదు.

వందలాది చిన్న యూనిట్లకు ఈ కొలతలన్నీ సాధ్యమా అన్నది న్యాయమైన ప్రశ్న. అమెరికాలో రోజుకు 25,000 గ్యాలన్లు, అంటే సుమారు 95 కిలోలీటర్లు, అంతకు పైగా వదిలేవారినీ, కొన్ని ప్రత్యేక రంగాల పరిశ్రమలనూ ముఖ్యమైనవిగా గుర్తించి ఏడాదికి కనీసం ఒకసారైనా నగరమే నమూనా తీయాలన్న నియమం ఉంది. హోటళ్ల వంటివాటికి జిడ్డు పట్టే తొట్టి తప్పనిసరి చేస్తే సరిపోతుంది. లోహపు పూత పనివారు మాత్రం మినహాయింపుకు తగరు. ఒక షెడ్డులో నడిచే పూత యూనిట్ వదిలే నీరు పరిమాణంలో ఒక అపార్ట్‌మెంటు కంటే తక్కువే అయినా, అందులోని క్రోమియం, సయనైడ్ ఎస్‌టీపీకి వెయ్యి ఇళ్లు చేయలేని చేటు చేస్తాయి. నమూనా తీసే వేళ కూడా ముఖ్యమే: పగలు పదకొండింటికి ఒక సీసా నింపుకుని వెళ్తే రాత్రి రెండింటికి ఖాళీ చేసిన రియాక్టరు సంగతి ఆ సీసాకు తెలియదు. 24 గంటల పాటు కొద్దికొద్దిగా సేకరించి కలిపిన నమూనాకే విలువ.

హైదరాబాద్‌లో 3,866 కోట్ల రూపాయల వ్యయంతో 1,259.5 ఎంఎల్‌డీ సామర్థ్యం గల 31 కొత్త ఎస్‌టీపీలు చేపట్టారు. శుద్ధి చేసిన నీటిని నిర్మాణాలకు, పరిశ్రమల కూలింగుకు అమ్మవచ్చని ఆలోచన. కూలింగ్ టవర్ నడిపే కొనుగోలుదారు మొదట అడిగేది బీఓడీ కాదు, టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం. ఎస్‌టీపీ ఉప్పును తీయలేదు. ఎగువన ఏ ఫ్యాక్టరీ ఉప్పు నీరు కలిపినా ఆ అంకె నేరుగా అమ్మకపు ధరలో కనబడుతుంది. అప్పుడు జలమండలికి తన కాలువలోకి ఎవరు ఏం వదులుతున్నారో తెలుసుకోవడానికి కాలుష్య నియంత్రణ మండలి నివేదిక కోసం ఎదురుచూడని సొంత కారణం ఒకటి ఏర్పడుతుంది, అది ఆదాయ పద్దులోనే ఉంటుంది.